యాభై డిగ్రీల మణికట్టు

"...ప్లేటు మీద ఏమీ మొలవలేదంటే, ఆ జీన్ లేకుండా అది బతకలేదనేగా అర్థం!"

"ఆ ప్లేటు మీద బతకలేదని అర్థం. రెండూ ఒకటి కాదు."

"పక్కన మామూలు క్రిమి చక్కగా మొలిచిందిగా? అదే ప్లేటు, అదే తిండి. నీకు కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి. ఇదే పని చేస్తున్న అవతలి ల్యాబు వాళ్ళ జాబితా కూడా నా దగ్గరుంది. అక్కడ నలభై ఏడో జీన్ తీసేసినా హాయిగా బతికింది. మన దగ్గర చచ్చింది. క్రిమి ఒకటే, ఒకే సీసాలోంచి రెండు చోట్లకూ వెళ్ళింది. ఇక మారిందేమిటి? తిండి."

"పెద్దక్క ప్లేట్లకు వంక పెట్టావంటే నీ టీ కప్పులో అగార్ పోసి గడ్డ కట్టిస్తా, చెప్తున్నా."

ప్రయోగశాలకూ పక్క గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ అంత సందు ఉంది. ప్లేట్ల డబ్బాలు అందించుకోవడానికి పెట్టింది. మాటలు కూడా అందులోంచే వస్తాయి. అటువైపు కొట్టుకుంటున్న ఇద్దరిలో ఒకరు పరిశోధన చేస్తున్న సన్నటి అమ్మాయి. ఒక చోట నిలవదు కాబట్టి ఆమెకు పిచ్చుక అని పేరు పడింది. రెండో మనిషి వచ్చిన ఫలితాలన్నిటికీ గణితం కట్టి చూసేవాడు, లెక్కలాయన. ఇటువైపు, ప్లేట్లు పోసే గదిలో, వింటున్నది పెద్దక్క. పిచ్చుక అన్న పేరు పెట్టింది ఆమే.

పెద్దక్క చేతిలో అప్పుడు లీటరు ఫ్లాస్కు ఉంది. ఆటోక్లేవ్‌ అనే ఆవిరి కుక్కరులో ఉడికి బయటికొచ్చిన అగార్, క్రిమికి తిండిగా గడ్డకట్టే జావ, చల్లారుతోంది. ఫ్లాస్కు పొట్టను కుడి మణికట్టు లోపలి వైపు ఆనించి ఆమె మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. చెయ్యి ఓర్చుకుంది. పసుపు రంగు సీసా మూత తీసి అగార్‌లో కలిపి, బుడగలు రాకుండా తిప్పి, ప్లేట్లలో పోయడం మొదలుపెట్టింది. ముప్ఫై అయిదు ప్లేట్లు, ఒక్క చుక్క బయట పడలేదు. ఆ తరువాత రిజిస్టరు తెరిచి తారీఖు కింద, 'కలిపినప్పటి వేడి' అన్న గడిలో యాభై అని రాసింది.

ఆ గడిలో ఆమె ఇరవై ఆరేళ్ళుగా యాభై అనే రాస్తోంది.

సీసాలు కడగడానికి చేరి, రెండేళ్ళకు ఈ గదిలోకి వచ్చింది. అప్పట్లో ప్లేట్లు పోసే పాతాయన ఆమెకు నేర్పిన మొదటి పాఠం మణికట్టుదే. అగార్ మరీ వేడిగా ఉంటే కలిపింది చెడుతుంది, మరీ చల్లారితే ఉండలు కడుతుంది. మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి లాక్కుంటే ఇంకా ఆగాలి, అయిదు దాటినా హాయిగా ఉంటే పరుగెత్తాలి. "థర్మామీటరు పగులుతుంది, చెయ్యి పగలదు" అనేవాడు పాతాయన. ఆయన వెళ్ళిపోయాక ప్రయోగశాల నడిపే సార్ ఒక నీళ్ళ తొట్టె కొనిపించారు. ఫ్లాస్కును అందులో ఉంచితే తనంతట తాను యాభై దగ్గర నిలుస్తుంది. కొన్నాళ్ళకు సార్ గదిలోకి తొంగిచూసి, "తొట్టె వాడుతున్నావా అమ్మా?" అని అడిగారు. "వాడకపోతే ఎలా సార్? చేతి తొడుగులు దాని మూత మీదే ఆరేస్తున్నా" అంది. సార్ నవ్వి వెళ్ళిపోయారు. ప్లేట్లు బాగా వస్తున్నంత కాలం అడగడానికి ఎవరికీ ఏమీ లేకపోయింది.

ఇన్నేళ్ళూ తిండి పెడుతున్న ఆ క్రిమిని ఆమె ఎన్నడూ చూడలేదు. అది ఊపిరితిత్తుల్ని తినేసే రకం. రెండు తలుపుల అవతల, లోపలి గాలి బయటికి రాని గదిలో ఉంటుంది. ముఖానికి ముసుగు, ఒంటికి ఏప్రాన్ తగిలించుకుని పిచ్చుక లాంటివాళ్ళు లోపలికి వెళ్తారు. నిదానపు క్రిమి. ప్లేటు మీద చుక్కంత కనపడాలంటే మూడు వారాలు పడుతుంది. బయటికి వచ్చేవి ఫొటోలు మాత్రమే.

ఒకరోజు టీ వేళ పెద్దక్క అడిగేసింది. "ఇంతకీ మొలిచిన ప్లేట్లు చూసి మొహం ముడుచుకుంటావు, ఖాళీ ప్లేట్లు చూసి ఎగురుతావు. ఇదేం పంటే తల్లీ?"

పిచ్చుక బల్ల మీదికెక్కి కూర్చుంది. "మీ ఇల్లే అనుకో అక్కా. రోజుకో వస్తువు తీసేసి చూస్తాను. గడియారం తీశాను, ఇల్లు నడిచింది. కుర్చీ తీశాను, నడిచింది..."

"మా ఆయన్ని తీసెయ్యి. అప్పుడూ నడుస్తుంది."

"బావగారు వింటే ఏడుస్తారు. సరే, పొయ్యి తీశాను. ఇల్లు ఆగిపోయింది. అంటే పొయ్యి లేనిదే ఆ ఇంట్లో బతుకు లేదు. క్రిమిలో నాలుగు వేల జీన్లున్నాయి. ఒక్కోటీ చెడగొట్టి ప్లేటు మీద వేస్తాం. ఏది చెడితే అది బతకదో కనిపెడితే, మందు కొట్టాల్సింది దాని మీదే. అందుకే ఖాళీ ప్లేటంటే నాకు పండగ."

పెద్దక్క కప్పు కింద పెట్టింది. "పొయ్యి లేకపోయినా పక్కింటావిడ వండి పంపిస్తే?"

పిచ్చుక కాళ్ళు ఊపడం ఆపింది. "అదే అక్కా అసలు చిక్కు. నువ్వు ప్లేట్లో ఏం పెడుతున్నావో దాన్నిబట్టే ఉంటుంది. అందుకే నీ ప్లేట్లు ఎప్పుడూ ఒకేలా ఉండాలి."

"ఉంటాయి" అంది పెద్దక్క.

ఈ మాటలై ఏడాది దాటింది. ఇప్పుడు సందులోంచి వినపడిన 'తిండి' అన్న మాట ఆమె చెవిలో దూరి కూర్చుంది. లెక్కలాయన గిల్లికజ్జాల మనిషి కాడు. నోరు తెరిచాడంటే ఏదో అంకె అతన్ని పొడుస్తున్నట్టే.

సాయంత్రం ఇంటికి వచ్చి టీ పెట్టింది. భర్త బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. కప్పు అందుకుని పక్కన పెట్టేశాడు.

"తాగరేం?"

"తాగుతాను. నీ టీ తాగాలంటే ముందు అర్జీ పెట్టుకుని అరగంట ఆగాలిగా."

"మీ నాలుక మెత్తబడింది. డిపోలో మరిగే టీ నిలబడి తాగేవారు."

"నాలుక అదే. టీయే మారింది."

ఆమె పట్టించుకోలేదు. స్నానాలగదిలో మనవరాలికి వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొరిపింది. బకెట్లో కుడి చెయ్యి ముంచి చూసుకుని, "రావే బుజ్జీ" అని కేకేసి, తువ్వాలు మరిచిపోయానని గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కోడలు బకెట్ మీద వంగి ఉంది. చేతిలో చెంబు. చన్నీళ్ళు పోస్తోంది. అత్తగారిని చూసి, దొంగతనం చేస్తూ దొరికినట్టు నిలబడిపోయింది.

"సరిపోయాయిగా? నేను చూశానుగా" అంది పెద్దక్క.

"సరిపోయాయి అత్తయ్యా. ఊరికే, ఒక చెంబు."

"ఊరికేనా?"

కోడలు చెంబు కింద పెట్టింది. "రోజూ పోస్తానత్తయ్యా. మీరు తువ్వాలుకు వెళ్ళినప్పుడు. ఒక్కోరోజు రెండు."

"ఎప్పట్నుంచి?"

"దాని పుట్టినరోజు తరువాత నుంచి. నాలుగైదు నెలలుంటుందేమో. ఒకసారి దాని వీపు ఎర్రబడింది. మీతో చెబితే బాధపడతారని..."

పెద్దక్క బకెట్లోకి చూసింది. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. అది ఇందాక కూడా కనపడే ఉండాలి. ఆవిరి చూడటం ఆమె ఏనాడో మానేసింది. చెయ్యి ఉందిగా అనుకునేది.

"ఒక్కసారి డాక్టరుకు చూపించుకోండి అత్తయ్యా."

"చూద్దాంలే. దానికి నీళ్ళు పొయ్యి. ముందు నువ్వు ముట్టుకుని చూడు."

మర్నాడు ఆమె గంట ముందే వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. అగార్ ఉడికి బయటికి రాగానే ఎప్పటిలాగే చల్లారనిచ్చింది. కుడి మణికట్టు ఆనించింది. ఒకటి, రెండు, మూడు. చెయ్యి ఓర్చుకుంది. ఎప్పుడూ ఇక్కడే పసుపు సీసా తెరుస్తుంది. ఇవాళ తెరవలేదు. ఫ్లాస్కును కుడి చేతిలోకి మార్చుకుని, ఎడమ చేతి తొడుగు విప్పి, ఎన్నడూ వాడని ఎడమ మణికట్టు ఆనించింది.

"అమ్మా!" ఒకటి కూడా పూర్తికాలేదు.

ఎడమ మణికట్టు మీద ఎర్రగా నాణెమంత గుర్తు పడింది. కుడి మణికట్టు పరీక్షగా చూసుకుంది. పాత మచ్చలు, ఒకదాని మీద ఒకటి, తోలులాగా. గోటితో గట్టిగా నొక్కింది. ఎవరో ఇంకొకరి చెయ్యి నొక్కుతున్నట్టుంది.

సొరుగులు వెతికి థర్మామీటరు సంపాదించింది. దాని అట్టపెట్టెకు అంటించిన కాగితం ఇంకా చింపలేదు. కడిగి, ఫ్లాస్కులో ముంచింది. పాదరసం ఎగబాకి అరవై నాలుగు దగ్గర నిలిచింది.

అరవై నాలుగుకు పాడయ్యేది ఏదో ఆమెకు తెలుసు. ఒకసారి గాజుపెంకు గుచ్చుకుని వేలు తెగితే పిచ్చుక దాని మీద పెరాక్సైడ్ పోసింది. వేలు మీద తెల్లగా నురగ పొంగింది. "భయపడకక్కా, నీ రక్తంలో కేటలేజ్ అని ఒకటుంది. పెరాక్సైడ్ విషాన్ని అది విరగ్గొడుతుంటే వచ్చే నురగ ఇది. నీ పసుపు సీసాలో ఉన్నది కూడా అదే. అగార్‌లో కాస్తో కూస్తో ఈ విషం పుడుతుంటుంది. దాన్ని విరగ్గొట్టి క్రిమిని కాపాడుతుందన్నమాట. కానీ వేడి తగిలితే చచ్చిపోతుంది, అందుకే యాభై" అని చెప్పింది. వేలికి కట్టు కడుతూ చెప్పిన మాట, అందుకే గుర్తుండిపోయింది.

అయితే చచ్చిందో బతికుందో చూడొచ్చన్నమాట.

పెద్దక్కకో అలవాటుంది. పోసిన ప్రతి విడతలోనూ ఒక ప్లేటు తీసి, తారీఖు రాసి, సంచిలో కట్టి చల్లటి గదిలో దాస్తుంది. ఎప్పుడైనా ఎవరైనా 'మీ ప్లేట్లకు బూజు పట్టింది' అంటే మొహాన చూపించడానికి. వాటిని సాక్షి ప్లేట్లు అంటుంది. పద్నాలుగు నెలల సాక్షులు అక్కడ వరసగా ఉన్నాయి. నెలకొకటి చొప్పున తెచ్చి బల్ల మీద పేర్చింది. ప్రథమ చికిత్స పెట్టెలోంచి పెరాక్సైడ్ సీసా తీసింది.

మొదటి ప్లేటు, అన్నిటికన్నా పాతది. ఒక్క చుక్క వేసింది. అగార్ మీద తెల్లటి నురగ పూవులా విచ్చుకుంది. ఆమె తనకు తెలియకుండానే నవ్వింది. రెండోది నురగ. మూడోది నురగ. వేస్తున్నకొద్దీ ఇంకా చూడాలనిపించింది. ఎందుకు చూస్తున్నదీ కాసేపు మరిచే పోయింది. తొమ్మిదో ప్లేటు దాకా నురగే. పదోదాని మీద నాలుగు బుడగలు లేచి ఆగిపోయాయి. పదకొండోది చూసింది. మెడ వంచి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. చుక్క చుక్కలాగే, నీళ్ళలా మెరుస్తూ ఉంది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు కూడా అంతే.

పాతబడి చెడ్డాయనడానికి వీల్లేదు. పాతవే పొంగాయి. కొత్తవే పొంగలేదు.

నాలుగు నెలలు. నలభై ఏడు మీద ప్రయోగం మొదలై మూడు.

"పెద్దక్కా!" సందులోంచి పిచ్చుక తల దూర్చింది. పెద్దక్క చప్పున ప్లేట్ల మీద తువ్వాలు కప్పింది. "నీకో కబురు. శుక్రవారం మన పరిశోధన పేపరు పత్రికకు పంపిస్తున్నాం. నలభై ఏడే అందులో హీరో. చివర కృతజ్ఞతల్లో నీ పేరు పెట్టమని సార్‌తో చెప్పాను, సరేనన్నారు. 'ప్లేట్లు తయారు చేసినందుకు' అని, ఇంటిపేరుతో సహా! అచ్చులో! ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ తట్టలేదు చూడు."

"నా పేరెందుకే?"

"ఎందుకేమిటి? ఆ లెక్కలాయన వాగుడు వింటున్నావుగా. మన ప్లేట్ల మీద నమ్మకం లేకపోతే పోనీ, పేరు చూసైనా నోరు మూసుకుంటాడు."

తల వెనక్కి వెళ్ళిపోయింది. పెద్దక్క తువ్వాలు మీద చెయ్యి వేసి కూర్చుంది. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. రేపటి నుంచి తొట్టె వాడితే చాలు, ప్లేట్లు మళ్ళీ నురగలు కక్కుతాయి. కోడలు పోసిన చెంబు లాంటిదే. ఎవరికీ తెలియదు. దాచిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో పడేస్తే సాక్షులూ ఉండరు. నలభై ఏడు మాత్రం అచ్చులో మిగిలిపోతుంది. దాని మీద మందు చెయ్యాలని ఎవరో ఎక్కడో మరో అయిదేళ్ళు ఖాళీ ప్లేట్లు చూస్తూ కూర్చుంటారు, కింద ఆమె పేరుతో.

ఆ రాత్రి భర్త కప్పు అందుకుని, అలవాటుగా పక్కన పెట్టబోయి, మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేమిటి, ఇవాళ తాగేలా ఉంది?"

"కోడలు పెట్టింది" అంది పెద్దక్క.

శుక్రవారం ఉదయం సార్ గదిలో నలుగురు కూర్చునే బల్ల మీద పేపరు చివరి ప్రతి ఉంది. సార్ పెన్ను మూత తీసి ఉంచారు. లెక్కలాయన చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. పెద్దక్క ట్రేలో ప్లేట్లు పట్టుకుని లోపలికి వచ్చింది. మొన్న చుక్కలు వేసినవి కాదు, అవే నెలల్లో వేరే వారాలవి, కొత్తగా మరో పద్నాలుగు.

"టీ అనుకున్నాను" అన్నారు సార్.

"అయిదు నిమిషాలు సార్. మాట కన్నా ఇది చూడటం సులువు."

ఆమె పేపరు ప్రతిని పక్కకు జరిపి ప్లేట్లు పేర్చింది. ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేసుకుంటూ పోయింది. తొమ్మిదో ప్లేటు దాకా నురగ పొంగింది. పదోదాని దగ్గర పిచ్చుక లేచి నిలబడింది. పదకొండో ప్లేటు మీద చుక్క కదలకపోయేసరికి లెక్కలాయన గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు.

"కేటలేజ్ చచ్చింది" అన్నాడు, మెల్లగా.

"నేనే చంపాను" అంది పెద్దక్క. కుడి మణికట్టు ముందుకు చాపింది. "దీనికి వేడి తెలియడం లేదు. నాకా సంగతి తెలియలేదు. అరవై నాలుగులో కలుపుతున్నాను."

పిచ్చుక మొహం తెల్లబోయింది. "మూడు నెలలక్కా! మూడు నెలలు! ఆ ముసుగులో ఊపిరాడక..." ఆపి, బల్ల మీద ప్లేట్లను చూసింది. కోపం ఇంకా మొహం మీదే ఉంది, కానీ ఆలోచన అప్పుడే నలభై ఏడు మీదికి పోయింది. "ఆగండి. మామూలు క్రిమి మొలిచిందిగా? ఎందుకు మొలిచింది? దానికి విషం విరగ్గొట్టడం సొంతంగా వచ్చు. నలభై ఏడు చెడగొడితే రాదు. అంటే నలభై ఏడు చేసే పనే అది! పొయ్యి పోయింది, పక్కింటావిడా వండలేదు!"

"పక్కింటావిడ ఎవరు?" అన్నారు సార్.

"నేను" అంది పెద్దక్క.

"మన ఒంట్లో కణాలు కూడా క్రిమి మీద ఈ విషమే చల్లుతాయి సార్. అక్కడ దానికి కేటలేజ్ ఎవరు పోస్తారు? అప్పుడు నలభై ఏడు లేకపోతే..."

"అప్పుడేమవుతుందో ఎవరికి తెలుసు" అన్నాడు లెక్కలాయన. "అది వేరే ప్రయోగం. ఇంకా చెయ్యలేదు."

"నువ్వు కాసేపు సంతోషంగా ఉండనివ్వవుగా!"

"ఉండు. పేపరు మాత్రం పంపకు."

సార్ పెన్నుకు మూత పెట్టారు. పేపరు ప్రతిని తిరగేసి బోర్లా పెట్టారు. అప్పటి దాకా పెద్దక్క వైపు చూడని మనిషి చూశారు. "ఆ ఒక్కసారి తప్ప నేనూ మళ్ళీ అడగలేదు కదమ్మా, తొట్టె సంగతి. డాక్టరుకు చూపించుకున్నావా?"

"రేపు వెళ్తున్నా సార్. కోడలు వస్తానంది."

"సరే. ఈ నాలుగు నెలల ప్లేట్లతో తేలినవన్నీ జాబితాలోంచి తీసి మళ్ళీ చేద్దాం. నువ్వు తొట్టె వాడు. రిజిస్టరులో ఆ నాలుగు నెలలకూ ఒక గమనిక రాయి, చాలు."

పెద్దక్క చంకలోంచి రిజిస్టరు తీసింది. అది ఒకటి కాదు, నాలుగు. అట్టలు ఊడిపోయినది అన్నిటికన్నా కింద ఉంది. వాటిని బల్ల మీద పెట్టి, పై దాన్ని తెరిచి, యాభై, యాభై, యాభై అని దిగుతున్న గడి మీద వేలు పెట్టింది.

"ఇవి కొట్టేసి 'కొలవలేదు' అని రాస్తాను సార్. సంతకం పెడతాను."

"నాలుగు నెలలవేగా?"

"ఇరవై ఆరేళ్ళవీ."

"ముందువి బాగానే ఉన్నాయి కదక్కా" అంది పిచ్చుక. "నురగ వచ్చిందిగా!"

"బాగానే ఉన్నాయి" అంది పెద్దక్క. "కొలవలేదు."